కంప్యూటర్‌కి హార్డ్ డిస్కు కనబడకపోతే



పొద్దున్నే షట్టరు ఎత్తి, దేవుడి పటం ముందు అగరొత్తి వెలిగించి, కంప్యూటర్ స్విచ్ వేస్తారు. రోజూ వచ్చే బొమ్మ రాదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చి ఆగిపోతుంది. కొన్నిట్లో 'నో బూటబుల్ డివైస్' అని ఉంటుంది, కొన్నిట్లో 'బూట్ డివైస్ నాట్ ఫౌండ్' అని, పాతవాటిలో 'ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్' అని. పని మొదలుపెట్టడానికి కావలసిన డిస్కు తనకు దొరకలేదని ఆ యంత్రం చెబుతోందన్నమాట. ఆ డిస్కులోనే మీ లెక్కలున్నాయి, పిల్లల ఫొటోలున్నాయి, బ్యాంకుకిచ్చిన కాగితాల నకళ్లున్నాయి. గుండె జారిపోతుంది. ఆ కంగారులో ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్నదే ఇవాళ్టి ప్రసంగం.

మా ఉంగుటూరు వైపు ఈ బాధ ఎక్కువగా వినబడేది ఎండాకాలంలో. మాకు ఓ పక్క మాగాణి, ఇంకో పక్క ఆగిరిపల్లి, నూజివీడు దాకా మామిడి తోటలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు లారీలెక్కుతూనే ఉంటాయి. తోట ఎవరు గుత్తకు తీసుకున్నారు, పూత మీద ఎంత అడ్వాన్సు ఇచ్చారు, ఏ లారీలో ఎన్ని టన్నులు నున్న మార్కెట్‌కి వెళ్లాయి, కోత కూలి ఎంత, కమీషన్ ఎంత అన్న లెక్కంతా ఒకప్పుడు ఎర్ర అట్ట ఖాతా పుస్తకాల్లో ఉండేది. ఇప్పుడు బల్ల కింద ఉన్న కంప్యూటర్లో ఉంటోంది. సరిగ్గా ఆ మూడు నెలల్లోనే ఎండ వేడి, లో వోల్టేజీ, సాయంత్రమైతే ఈదురుగాలి. తోటలో కాయ రాల్చే గాలే కరెంటు తీగలనూ కలుపుతుంది. కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. డిస్కు మీద ఏదో రాస్తూ ఉన్న కంప్యూటర్ ఆ రాత మధ్యలోనే ఆగిపోతుంది. దానికి తోడు లారీల దుమ్ము, కాయలు పేర్చే గడ్డి నలుసు.

ఇక్కడే ఒక భయం తీర్చాలి. మీ పొలం అడంగల్, 1బీ, ఈ-క్రాప్ నమోదు, ఇవేవీ ఊళ్లో కంప్యూటర్ చెడిపోతే పోవు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయంలో ఉద్యోగి టైపు చేసేది నేరుగా ప్రభుత్వ సర్వర్లోకి వెళుతుంది. ఆయన ముందున్న యంత్రం కాలిపోయినా పక్క యంత్రంలో మీ సర్వే నంబరు కొడితే కాగితం వస్తుంది. పోయేవి మన సొంత లెక్కలు. వ్యాపారి ట్యాలీ ఖాతాలు, ఫొటో స్టూడియోలో పెళ్లి వీడియోలు, డీటీపీ షాపులో ఫైళ్లు.

డీటీపీ షాపుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు కూర్చే ఈ చిన్న షాపుల్లో చాలాచోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అందులో ఏళ్ల తరబడి కూర్చిన తెలుగును కొత్త కంప్యూటర్లోకి మార్చడం పెద్ద తంటా. అందుకని పాత యంత్రాన్నే కాపాడుకుంటూ వస్తారు. పాత యంత్రంలో పాత డిస్కే ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ల పెళ్లిళ్లన్నీ ఆ ఒక్క డిస్కు మీదే ఉంటాయి. దాని గురించి ఎవరూ పట్టించుకోకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఇక అసలు విషయం. డిస్కు కనబడకపోవడం వేరు, డిస్కు పోవడం వేరు. కనబడని డిస్కు లోపల డేటా చాలాసార్లు క్షేమంగానే ఉంటుంది. దాన్ని నిజంగా పోగొట్టేది ఆ తర్వాత మనం కంగారులో నొక్కే మీట. కాబట్టి ముందుగా వేసుకోవలసిన ప్రశ్న 'ఎలా బాగుచేయాలి' అని కాదు, 'అందులో నాకు తప్పనిసరిగా కావలసింది ఏమన్నా ఉందా' అని. ఏమీ లేకపోతే ధైర్యంగా ఏ ప్రయోగమైనా చేసుకోవచ్చు. ఉంటే మాత్రం డిస్కు మీద కొత్తగా ఒక్క అక్షరం కూడా పడకుండా చూసుకోవాలి.

మొట్టమొదట కంప్యూటర్‌కి తగిలించి ఉన్న పెన్ డ్రైవులు, ఎక్స్‌టర్నల్ డిస్కులు, మెమరీ కార్డులు అన్నీ తీసేయండి. సీడీ డ్రైవులో ఏదైనా ఉంటే అదీ తీయండి. కొన్ని కంప్యూటర్లు ముందు పెన్ డ్రైవులో విండోస్ కోసం వెతికి, అక్కడ లేకపోయేసరికి అదే మాట తెర మీద పెట్టేసి కూర్చుంటాయి. ముందురోజు సాయంత్రం ఎవరో ప్రింటు కోసం పెట్టిన పెన్ డ్రైవు మరిచిపోయి వెళితే, పొద్దున్న డిస్కు పోయిందని బెజవాడ పరిగెత్తేవాళ్లున్నారు. తీసేసి మళ్లీ ఆన్ చేయండి. వచ్చేస్తే సంతోషం.

రాకపోతే బయోస్‌లోకి వెళ్లాలి. విండోస్ ఇంకా మొదలుకాకముందే, మదర్‌బోర్డు మీద ఉండే ఒక చిన్న చిప్పులోంచి నడిచే ప్రోగ్రాము అది. కొత్త యంత్రాల్లో దాన్నే యూఈఎఫ్ఐ అంటున్నారు. ఆన్ చేసిన వెంటనే డిలీట్ మీట గానీ ఎఫ్2 గానీ పదే పదే కొడితే తెరుచుకుంటుంది. హెచ్‌పీ వాటిలో ఎక్కువగా ఎఫ్10. లోపల 'స్టోరేజ్' అనో 'సాటా' అనో ఉన్నచోట చూడండి. మీ డిస్కు మోడల్ నంబరు, అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక పొడుగాటి పేరు, అక్కడ ఉందా లేదా? ఉంటే ఒక దారి, లేకపోతే ఇంకో దారి. ఈ ఒక్కటి తెలుసుకోకుండా విండోస్ మళ్లీ వేద్దామనేవాళ్ల చేతికి మీ కంప్యూటర్ ఇవ్వకండి. బయోస్‌కే కనబడని డిస్కు మీద విండోస్ వేయడం ఎవరివల్లా కాదు. బయోస్‌కి కనబడుతున్న డిస్కు మీద విండోస్ మళ్లీ వేస్తే, మీ లెక్కల మీద రాతలు పడతాయి.

అక్కడే తెర మూలన తారీఖు కూడా చూడండి. అది ఎప్పటిదో పాత సంవత్సరంలోకి వెళ్లిపోయి ఉంటే మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయిందని అర్థం. రూపాయి బిళ్లంత ఉండే 2032 అనే బ్యాటరీ, మూడు వోల్టులది. అది చచ్చిపోతే బయోస్ తన అమరికలన్నీ మరిచిపోతుంది. ఏ డిస్కు నుంచి మొదలుపెట్టాలి, సాటా ఏ పద్ధతిలో నడవాలి, పాత పద్ధతిలో లేవాలా కొత్త పద్ధతిలో లేవాలా అన్నవన్నీ ఫ్యాక్టరీలో పెట్టినట్టు మారిపోతాయి. అప్పుడు నిక్షేపంలాంటి డిస్కు కూడా లేవదు. కొత్త బ్యాటరీ వేసి, అమరికలు మునుపటిలా పెడితే యంత్రం ఏమీ జరగనట్టు పనిచేస్తుంది. వాచీలు బాగుచేసే షాపులో దొరికే బ్యాటరీ అది.

ఈ మధ్య ల్యాప్‌టాప్‌లు కొన్నవాళ్లకి ఒక హెచ్చరిక. విండోస్ 11 ఉన్న చాలా వాటిలో డిస్కు తనంతట తానే బిట్‌లాకర్ అనే తాళం వేసుకుని ఉంటుంది. బయోస్‌లో మార్పులు చేస్తే అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎక్కువగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంటులో దాచి ఉంటుంది. అది లేనిదే ఆ డిస్కును తయారుచేసిన కంపెనీ కూడా తెరవలేదు. కాబట్టి ఇవాళే ఫోనులో ఆ అకౌంటు తెరిచి, కీ ఒక కాగితం మీద రాసి, ఇంటి పత్రాలతో పాటు బీరువాలో పెట్టండి.

సరే, బయోస్‌లో డిస్కు పేరు లేదనుకుందాం. అప్పుడు చూడవలసింది తీగలు. స్విచ్ ఆపి, ప్లగ్గు గోడలోంచి లాగేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కిపట్టి లోపల మిగిలిన కరెంటు పోనివ్వండి. క్యాబినెట్ పక్క రేకు విప్పండి. చేతిని ముందు ఆ ఇనప చట్రానికి ఆనించండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు దిగిపోతుంది. లోపల డిస్కుకి రెండు కేబుళ్లు ఉంటాయి. వెడల్పుగా, 15 పిన్నులతో ఉండేది కరెంటు ఇచ్చేది. సన్నగా, ఎక్కువగా ఎర్రరంగులో, 7 పిన్నులతో ఉండేది డేటా కేబుల్. 2003 నుంచి వస్తున్న ఈ సాటా కేబుల్ చాలా చౌక వస్తువు, చాలా పనిమంతురాలు, కానీ పట్టు తక్కువ. తొలి రోజుల వాటికి బిగించిపట్టే క్లిప్పు కూడా ఉండదు. బల్ల కింద కాలు తగిలి, ఊడ్చేటప్పుడు క్యాబినెట్ జరిపి, ఏళ్ల తరబడి అదిరి అదిరి ఆ మొన ఒక వెంట్రుకవాసి బయటికి వచ్చేస్తుంది. కంటికి తగిలించినట్టే ఉంటుంది. రెండు చివర్లా మెల్లగా తీసి, ఆ బంగారు రంగు గీతల మీద దుమ్ముంటే పొడి బ్రష్షుతో తుడిచి, నిటారుగా పట్టుకుని గట్టిగా లోపలికి నొక్కండి. పక్కకి వంచితే లోపలున్న ఎల్ ఆకారపు ప్లాస్టిక్కు విరుగుతుంది. విరిగితే డిస్కుకే దెబ్బ.

అయినా రాకపోతే ఇంకో డేటా కేబుల్ వేసి చూడండి. ఆ తర్వాత మదర్‌బోర్డు మీద ఇంకో పోర్టులో పెట్టండి. ఆ తర్వాత కరెంటు ఇచ్చే మొన మార్చండి. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి, మార్చిన ప్రతిసారీ బయోస్‌లో చూడాలి. అన్నీ ఒకేసారి మార్చేస్తే తప్పు ఎక్కడుందో చివరికి తెలియదు. వీలైతే ఆ డిస్కుని తీసి పక్క కంప్యూటర్‌కి తగిలించి చూడండి. అక్కడ కనబడితే డిస్కు బాగున్నట్టే, దోషం మీ మదర్‌బోర్డుదో, కరెంటు సరఫరా చేసే ఎస్ఎంపీఎస్ పెట్టెదో. లో వోల్టేజీలో ఏళ్లపాటు నలిగిన ఎస్ఎంపీఎస్, ఫ్యాను తిప్పగలుగుతుంది, లైటు వెలిగించగలుగుతుంది, డిస్కు మోటారుకి కావలసిన ఊపు మాత్రం ఇవ్వలేకపోతుంది. డీటీపీ షాపుల్లో వెడల్పాటి 40 పిన్నుల కేబుల్ తగిలే పాత ఐడీఈ డిస్కులు ఉన్నవాళ్లు, వెనకాల ఉండే చిన్న జంపరు మాస్టర్ స్థానంలో ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇప్పుడు చెవి పెట్టండి. తిరిగే హార్డ్ డిస్కయితే, ఆన్ చేయగానే సన్నటి చప్పుడుతో మోటారు అందుకోవాలి. పైన చెయ్యి వేస్తే మెత్తటి అదురు తెలుస్తుంది. ఆ చప్పుడు మామూలుగా ఉండి బయోస్‌కి కనబడకపోతే ఆశ ఉంది. టక్... టక్... టక్ అని లయ తప్పకుండా కొట్టుకుంటూ, కాసేపటికి ఆగిపోతుంటే, ఆ క్షణమే ప్లగ్గు లాగేయండి. ఇంకోసారి చూద్దామని మళ్లీ ఆన్ చేయకండి. ఆ చప్పుడుకి కారణం లోపల చదివే ముల్లు, అంటే హెడ్, తన దారి పట్టుకోలేక మొదటికి వచ్చి మళ్లీ ప్రయత్నించడం. నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరిగే పళ్లెం మీద ఆ హెడ్ కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది. మన తలవెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లలో ఉంటుంది. దెబ్బతిన్న హెడ్ పళ్లేనికి తగిలిందంటే, మీ అక్షరాలున్న పూతనే గీకేస్తుంది. ప్రతి ఆన్‌కీ గీత పెరుగుతుంది.

దీనికి జనం చెప్పుకునే వైద్యాలు రెండున్నాయి. రెండూ ప్రమాదమే. ఒకటి, డిస్కుని ఫ్రిజ్‌లో పెట్టి తీయడం. మన గాలిలో ఉండే తేమకి, చల్లటి డిస్కు బయటికి రాగానే లోపలా బయటా చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ మీద హెడ్ తేలలేదు. రెండోది, మూత విప్పి చూడడం. మనం కూర్చున్న గదిలో కంటికి కనబడని నలుసు కూడా ఆ హెడ్‌కి బండరాయంత. డేటా తీసిచ్చే నిపుణులు ఆ మూతను దుమ్ము లేని ప్రత్యేక గదుల్లో విప్పుతారు. ఖర్చు ఎక్కువే. అందుకే ముందుగా అడిగింది, అందులో మీకు తప్పనిసరిగా కావలసింది ఉందా అని.

డిస్కు కింద ఉండే పచ్చటి సర్క్యూట్ బోర్డుని అదే మోడల్ ఇంకో డిస్కుది తీసి వేయడం ఒకప్పుడు నడిచింది. ఇప్పటి డిస్కుల్లో ఒక్కోదానికి దాని సొంత కొలతలు ఆ బోర్డు మీది చిప్పులోనే రాసి ఉంటాయి. బోర్డు మార్చినా, ఆ చిప్పును కూడా విప్పి అతకనిదే పనిచేయదు.

కనబడకపోవడం వేరు, పోవడం వేరు అని ఇందాక అన్నాను. ఈ మాటకి ప్రపంచమంతా చూసిన సాక్ష్యం ఒకటుంది. 2009 జనవరిలో సీగేట్ కంపెనీ తన బారకుడా 7200.11 డిస్కుల్లో కొన్నిటికి లోపలి ప్రోగ్రాములో, అంటే ఫర్మ్‌వేర్‌లో, దోషం ఉందని ఒప్పుకుంది. నిన్నటిదాకా బాగా నడిచిన డిస్కు, పొద్దున్న ఆన్ చేసేసరికి బయోస్‌కే కనబడకుండా పోయేది. మోటారు తిరుగుతూనే ఉంటుంది, పళ్లెం మీద గీత పడలేదు, డేటా అంతా ఉన్నచోటే ఉంది. డిస్కు మాత్రం పలకదు. కంపెనీయే కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చింది, మూగబోయిన డిస్కుల నుంచి డేటా తీసిచ్చే ఏర్పాటూ చేసింది. డిస్కు కనబడలేదని ఆ రోజుల్లో చెత్తలో పడేసినవాళ్లు మాత్రం అందులోని డేటాను చేజేతులా పోగొట్టుకున్నారు.

దీనికి అటు పక్క ఉదాహరణా చెప్పాలి, లేకపోతే సగం నిజం చెప్పినట్టు అవుతుంది. 2019 నవంబరులో హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్ కంపెనీ తన సర్వర్లు వాడేవాళ్ల కోసం ఒక ప్రకటన ఇచ్చింది. కొన్ని రకాల ఎస్ఎస్‌డీలు, అంటే తిరిగే పళ్లెం లేని డిస్కులు, సరిగ్గా 32,768 గంటలు నడవగానే, అంటే 3 సంవత్సరాల 270 రోజుల 8 గంటలకి, ఆగిపోతాయని చెప్పింది. ముందే ఫర్మ్‌వేర్ మార్చుకోకపోతే ఆ డిస్కూ రాదు, డేటా కూడా రాదు. ఒకే రోజున కొని ఒకే సర్వర్లో పెట్టిన డిస్కులన్నీ ఇంచుమించు ఒకేసారి పోయే ప్రమాదం. ఒక డిస్కుకి నకలు అదే పెట్టెలో పక్క డిస్కు మీద ఉంచుకుంటే సరిపోదని దీనివల్ల తేలింది.

ఎస్ఎస్‌డీ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. పాత కంప్యూటర్ నెమ్మదిగా ఉందని ఇప్పుడు అందరూ ఎస్ఎస్‌డీ వేయించుకుంటున్నారు. మంచిదే. అయితే ఎం.2 అనే చిన్న చీలికలో పెట్టే కార్డుల్లో సాటా రకం, ఎన్‌వీఎంఈ రకం అని రెండున్నాయి. సాటా మాత్రమే తెలిసిన చీలికలో ఎన్‌వీఎంఈ కార్డు పెడితే అది ఎప్పటికీ కనబడదు. కొన్ని మదర్‌బోర్డుల్లో ఆ చీలికలో కార్డు పెట్టగానే ఒక సాటా పోర్టు పనిచేయడం మానేస్తుంది. కొత్త ఎస్ఎస్‌డీ కనబడుతోంది, పాత హార్డ్ డిస్కు మాయమైంది అనేవాళ్లు ఆ పాతదాన్ని ఇంకో పోర్టులోకి మార్చి చూడాలి. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ నుంచి వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో విండోస్ వేయబోతే డిస్కుల జాబితా ఖాళీగా కనబడుతుంది. డిస్కు బాగానే ఉంటుంది. ఇంటెల్ వారి స్టోరేజ్ డ్రైవరు పెన్ డ్రైవులో పెట్టి 'లోడ్ డ్రైవర్' నొక్కితే వచ్చేస్తుంది. నూజివీడు ట్రిపుల్ ఐటీ పిల్లలకి ఇది చెప్పక్కర్లేదు. వాళ్లు ఊరికి సెలవులకి వచ్చినప్పుడు ఇళ్లల్లో ఇలాంటివి చూసిపెట్టమని అడగండి.

ఇక రెండో దారి. బయోస్‌కి డిస్కు కనబడుతోంది, విండోస్‌కి కనబడటం లేదు. లేదా ఆ డిస్కుని పక్క కంప్యూటర్‌కి తగిలిస్తే తెర మీద ఒక పెట్టె లేస్తుంది: 'ఈ డిస్కు వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?' అని. ఈ ప్రసంగంలో మిగతావన్నీ మరిచిపోయినా ఫరవాలేదు గానీ ఇది మరిచిపోకండి. అక్కడ 'క్యాన్సిల్' నొక్కండి. 'ఇనిషియలైజ్ డిస్క్' అని ఇంకో పెట్టె వస్తే దానికీ అంతే. కొత్తగా కొన్న ఖాళీ డిస్కుకి ఆ ప్రశ్నలు న్యాయమే, సరే అనొచ్చు. మీ లెక్కలున్న డిస్కుకి అదే ప్రశ్న వచ్చిందంటే, ఎక్కడ ఏముందో చెప్పే పట్టిక చెడిపోయి విండోస్ దాన్ని చదవలేకపోతోందని అర్థం. పొలంలో హద్దురాళ్లు ఎవరో పీకేసినట్టు. రాళ్లు లేకపోయినా నేల అక్కడే ఉంది, పంటా అక్కడే ఉంది. ఫార్మాట్ చేయడమంటే ఆ నేలను కొత్తగా పంచి ఇంకొకరికి రాసివ్వడం.

స్టార్ట్ బటన్ మీద కుడి మీట నొక్కి 'డిస్క్ మేనేజ్‌మెంట్' తెరిచి చూడండి. ఒక్కోసారి డిస్కు నిక్షేపంగా ఉంటుంది, దానికి డీ అనో ఈ అనో అక్షరం మాత్రం ఉండదు. అక్షరం తగిలిస్తే వెంటనే తెరుచుకుంటుంది. 'ఆఫ్‌లైన్' అని ఉంటే 'ఆన్‌లైన్' చేస్తే చాలు. 'రా' అనో 'అన్ ఎలొకేటెడ్' అనో ఉంటే మాత్రం అక్కడితో ఆగండి.

అక్కడ చాలామంది చెక్ డిస్క్ నడపమంటారు. డిస్కు ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది మంచి మందే. చదవలేక తంటాలు పడుతున్న డిస్కు మీద మాత్రం వద్దు. తప్పులు దిద్దే పేరుతో అది రాస్తుంది, రాసినచోట మీ ఫైలు ముక్క ఉండవచ్చు. ముందు ఆ డిస్కుకి మొత్తంగా ఒక నకలు తీయాలి. దీనికి లినక్స్ పెన్ డ్రైవులోంచి నడిచే డీడీ రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. అది తేలిగ్గా చదవగలిగిన భాగాలన్నీ ముందు తీసేసుకుని, మొరాయించే చోట్లు చివరికి వదిలి, మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ నకలు మీద టెస్ట్ డిస్క్ అనే మరో ఉచిత ప్రోగ్రాముతో పోయిన పార్టిషన్లు వెతకవచ్చు. అసలు డిస్కు పక్కన భద్రంగా ఉంటుంది. ఎస్ఎస్‌డీ అయితే ఒక తేడా తెలుసుకోవాలి. అందులో చెరిపిన ఫైళ్ల జాగాను డిస్కు తనంతట తానే శుభ్రం చేసేస్తుంది. చెరిపేశాక తిరిగి రప్పించే అవకాశం హార్డ్ డిస్కుతో పోలిస్తే చాలా తక్కువ.

రిపేరుకి ఇచ్చేటప్పుడు నోరు తెరిచి చెప్పండి: 'నాకు కంప్యూటర్ బాగవడం కంటే అందులో ఉన్న డేటా ముఖ్యం, నన్ను అడగకుండా ఫార్మాట్ చేయొద్దు' అని. రసీదు మీద ఆ మాట రాయించుకోండి. డిస్కు మోడల్ నంబరూ సీరియల్ నంబరూ ఫోనుతో ఫొటో తీసుకోండి. కొత్త డిస్కు వేశామంటే పాతది అడిగి తీసుకోండి, అందులో మీ బ్యాంకు కాగితాలున్నాయి. వారంటీలో ఉంటే కంపెనీ డిస్కు మార్చి ఇస్తుంది గానీ, డేటా తెచ్చి ఇవ్వదు. వారంటీ కాగితాన్ని చూసి ధైర్యపడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

జబ్బు రాకుండా చూసుకోవడానికి మా ప్రాంతంలో ముఖ్యమైనది ఎర్తింగ్. కంప్యూటర్ క్యాబినెట్ తాకితే చెయ్యి జివ్వుమంటోందంటే మీ ఇంటి ఎర్తింగ్ పనిచేయడం లేదు. ఉప్పు, బొగ్గు వేసి పూడ్చిన ఎర్త్ గొయ్యి ఎండాకాలంలో ఎండిపోతుంది. వారానికోసారి ఒక బిందె నీళ్లు పోయండి, తోటలో మొక్కకి పోసినంత శ్రద్ధగా. చాలామంది ప్లగ్గులో ఎర్త్ కోసం ఉండే మూడో పిన్నుకి అసలు కనెక్షనే ఇవ్వకుండా వదిలేస్తారు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అది చూపించండి. చిన్నదైనా ఒక యూపీఎస్ పెట్టండి. ఈదురుగాలి మొదలవగానే ఫైళ్లు సేవ్ చేసి, కంప్యూటర్ పద్ధతిగా ఆపి, ప్లగ్గు తీసేయండి. పిడుగు దారిలోకి వచ్చిందంటే యూపీఎస్ కూడా ఆపలేదు. క్యాబినెట్‌ని నేల మీద కాకుండా ఒక జానెడు ఎత్తున పెట్టండి, కాళ్ల దుమ్మూ కాలి తాకిడీ తగ్గుతాయి.

ఎంత జాగ్రత్త పడినా తిరిగే యంత్రం ఒకనాడు ఆగుతుంది. 1956లో ఐబీఎం కంపెనీ చేసిన మొదటి హార్డ్ డిస్కు, 24 అంగుళాల పళ్లేలు 50 పేర్చిన బీరువా లాంటిది, పట్టేది 50 లక్షల అక్షరాలు. ఇవాళ అరచేతిలో పట్టే డిస్కులో దానికి లక్షల రెట్లు పడుతుంది. అయినా ఆయువుకి మాత్రం హద్దుంది. కాబట్టి డిస్కు పోతుందని ముందే అనుకుని బతకాలి.

మార్చి 31న మన వ్యాపారులంతా ఆ ఏటి ఖాతాలు ముగిస్తారు. 2011 నుంచి అదే రోజున ప్రపంచ బ్యాకప్ దినం జరుపుతున్నారు. నూజివీడు తోటల్లో కోత ఊపందుకునేది ఆ తర్వాతే. ఉంగుటూరు, తేలప్రోలు, ఆగిరిపల్లి, నూజివీడు వ్యాపారులకీ, స్టూడియోలవాళ్లకీ, డీటీపీ షాపులవాళ్లకీ నా విన్నపం ఒకటే. ఆ రోజు ఒక ఎక్స్‌టర్నల్ డిస్కు తెచ్చుకోండి. లెక్కలు, ఫొటోలు, కూర్చిన పేజీలు అన్నీ దాని మీదికి కాపీ చేయండి. కాపీ అయ్యాక దాన్ని కంప్యూటర్‌కి తగిలించి ఉంచకుండా తీసి, షాపులో కాకుండా ఇంట్లో పెట్టండి. సీజను నడిచినన్నాళ్లూ వారానికోసారి ఆ పని చేయండి. చేసిన ప్రతిసారీ అందులోంచి ఒక ఫైలు వేరే కంప్యూటర్లో తెరుచుకుంటోందో లేదో చూసుకోండి. ఈ ఏటి మొదటి కాయ లారీ ఎక్కకముందే ఇది మొదలుపెట్టండి.